మైగ్రేన్ అని చెబుదామన్నారు

తెలుగులో మాట్లాడుతున్న మనిషి ఉన్నట్టుండి మధ్యలో ఒక ఇంగ్లీషు మాట పెడితే నాకు అనుమానం వస్తుంది. బస్సు, ఫోను, మోటారు, స్కూలు లాంటివి కాదు, అవి ఇంటి మాటలే. నేను చెప్పేది వేరే రకం. ఉద్యోగం పోయినవాణ్ణి "గ్యాప్ తీసుకున్నాడు" అంటారు. అన్నదమ్ములు కొట్టుకుని మొహాలు చూసుకోవడం మానేస్తే "చిన్న మిస్ అండర్‌స్టాండింగ్" అంటారు. రోజూ తాగేవాణ్ణి "అకేషనల్‌గా తీసుకుంటాడు" అంటారు. తెలుగులో అంటే గుచ్చుకునే మాటని ఇంగ్లీషు గుడ్డలో చుట్టి చేతికిస్తారు. ఆ గుడ్డ విప్పి లోపలేముందో చూసేదాకా నాకు అన్నం సయించదు. మావారు దీన్ని రోగం అంటారు. అననివ్వండి.

నాకు ఇంగ్లీషు రాదు కాబట్టి కుళ్ళుకుంటున్నానని అనుకోవద్దు. రాజమండ్రిలో బీకాం చదివాను. కడియంలో మా నర్సరీకి వచ్చే ఫోన్లలో సగం నేనే మాట్లాడతాను. ఈ అనుమానం కూడా ఆ ఫోన్ల వల్లే వచ్చింది. హైదరాబాదు నుంచో బెంగుళూరు నుంచో ఎవరో ఫోన్ చేసి, గంటసేపు మొక్కల వివరాలన్నీ అడిగి, ఫోటోలన్నీ పంపించుకుని, చివర్లో "బడ్జెట్ చూసుకుని కన్‌ఫర్మ్ చేస్తాం మేడమ్" అంటారు. ఇక వాళ్ళు మళ్ళీ ఫోన్ చెయ్యరు. కొనేవాడు ఎప్పుడూ కన్‌ఫర్మ్ అనడు. లారీ ఎప్పుడు బయల్దేరుతుందండీ అని అడుగుతాడు.

మా అమ్మాయి వృత్తే ఈ మాటలు. రాజమండ్రిలో నర్సింగ్ చదివే పిల్లలకి ఇంగ్లీషు చెబుతుంది. గ్రామరు కాదు, ఎక్కడ ఏ మాట వాడాలి, రోగితో ఎలా మాట్లాడాలి, డాక్టరుతో ఎలా చెప్పాలి, చావు కబురు ఇంట్లోవాళ్ళకి ఏ మాటతో మొదలుపెట్టాలి, ఇలాంటివి. రేపటి పాఠం రాత్రి అన్నాలయ్యాక వరండాలో తిరుగుతూ పైకి అనుకుంటుంది. ఒకసారి "ఐ యామ్ అఫ్రెయిడ్, డాక్టరు గారు ఇప్పుడు లేరు" అని అంటుంటే విన్నాను.

"డాక్టరు లేకపోతే ఈవిడకి భయం దేనికే?" అన్నాను.

"భయం కాదమ్మా. లేరని మొహమ్మీద చెప్పకుండా కొంచెం మెత్తగా చెప్పడం."

"మెత్తగా చెప్పడానికీ దాచడానికీ తేడా ఏంటో అది కూడా చెప్తావా మీ పిల్లలకి?"

"చెప్తాను. అవతలి మనిషికి అర్థమయ్యేలా మెత్తగా చెప్తే మర్యాద. అర్థం కాకుండా చెప్తే మోసం" అంది, నడక ఆపకుండానే.

బాగానే చెప్పింది. ఆ ముక్క తన విషయంలోనే అక్కరకొస్తుందని అప్పుడు మా ఇద్దరిలో ఎవరమూ అనుకోలేదు.

తనకి మూర్ఛ ఉంది. ఇంటర్ చదివేటప్పుడు మొదలైంది. రోజూ పొద్దున్నా రాత్రీ మాత్ర వేసుకుంటే ఏమీ ఉండదు. చదువుకుంది, ఉద్యోగం చేస్తోంది, బస్సెక్కి రాజమండ్రి వెళ్ళొస్తోంది. మాత్ర మానేస్తే మాత్రం ప్రమాదం. అది మాకు ఒక పెళ్ళిలో తెలిసొచ్చింది. మా బంధువుల ఇంట్లో పెళ్ళి, ఆడవాళ్ళందరికీ ఒకటే గది. అందరి ముందూ మాత్ర వేసుకుంటే ఎందుకు ఏంటి అని అడుగుతారని సిగ్గుపడి రెండు పూటలు మానేసింది. మర్నాడు ముహూర్తం వేళ కల్యాణ మండపంలో కుర్చీల మధ్య పడిపోయింది. ఎవరో పరుగెత్తుకొచ్చి తాళం చెవుల గుత్తి చేతిలో పెట్టారు. ఇంకెవరో నోట్లో చెంచా దూర్చబోయారు. తెలివొచ్చాక ఆ పిల్ల మొదట చూసింది చుట్టూ మూగిన పట్టుచీరల్ని. పడిపోవడం కంటే అదే తనని ఎక్కువ బాధపెట్టింది. నాకైతే ఆ పట్టుచీరలన్నీ గుర్తున్నాయి. ఏ చీర కట్టుకున్నావిడ తర్వాత ఎవరితో ఏమందో కూడా గుర్తుంది.

మొదట్నుంచీ ఆ మాత్రలు మా ఊళ్ళో కొనలేదు. రాజమండ్రిలో కొంటాం, ఆ పెళ్ళి తర్వాత అయితే ఒకే షాపులో కూడా కాదు. మావారు విసుక్కుంటారు. విసుక్కున్నా తెస్తారు.

పోయినేడు సంబంధం వచ్చింది. తెచ్చింది మావారి అక్కగారు, అంటే మా వదిన. రావులపాలెం దాటాక కాలవగట్టు మీద అబ్బాయివాళ్ళ ఊరు. తండ్రికి అరటి తోటలున్నాయి. అబ్బాయి సాఫ్ట్‌వేర్. "వర్క్ ఫ్రమ్ హోమ్ చేస్తున్నాడు, హ్యాబిట్స్ ఏమీ లేవు, వాళ్ళది చాలా ఫ్రీగా ఉండే ఫ్యామిలీ" అంది వదిన. ఒక్క ఊపిరిలో అన్ని ఇంగ్లీషు మాటలు వింటే నాకు ఒళ్ళంతా చెవులైపోయింది. హ్యాబిట్స్ లేవంటే సిగరెట్టూ మందూ లేవని అర్థం, అది నాకూ తెలుసు. వర్క్ ఫ్రమ్ హోమ్ అంటే ఉద్యోగం ఉన్నట్టా, పోయినట్టా? ఫ్రీ ఫ్యామిలీ అంటే ఎవరూ ఎవరి మాటా వినరనా?

"నీకు దేవుడొచ్చి చెప్పినా అనుమానమే" అంది వదిన.

ఆ తర్వాత అసలు సంగతికి వచ్చింది. అమ్మాయి ఆరోగ్యం గురించి వాళ్ళకి ఏమని చెప్పాలి.  ఫిట్స్ అని చెబుదామని నేనే అన్నాను, అప్పటికింకా ఆ ధైర్యం ఉంది. వదిన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఫిట్స్ కూడా ఇంగ్లీషు మాటే, కానీ అది ఎప్పుడో తెలుగైపోయింది. కూలికొచ్చే ఆడవాళ్ళు కూడా ఆ మాటే అంటారు. అందరికీ తెలిసిపోయిన మాట దాచడానికి పనికిరాదు. వదినకి కావలసింది ఇంకా ఎవరికీ సరిగ్గా తెలియని మాట. న్యూరో ప్రాబ్లం అందామా అనుకుంది. న్యూరో అంటే మెదడని ఈ మధ్య అందరికీ తెలిసిపోయిందని తనే వద్దంది. చివరికి దొరికింది.

"మైగ్రేన్ అందాం. ఇప్పుడు మైగ్రేన్ లేని ఆడపిల్లెవరు? రోజూ మాత్ర వేసుకున్నా ఎవరూ పట్టించుకోరు. మాత్రలు మాత్రం ఆ అట్టలతో తీసికెళ్ళకూడదు. విటమిన్ డబ్బాలో పోసుకుంటే సరి."

మా అమ్మాయి గుమ్మం దగ్గర నిలబడి వింటోంది. "అట్టలోంచి విప్పితే ఏది పొద్దుటిదో ఏది రాత్రిదో నాకే తెలీదు అత్తయ్యా" అంది, అంతే. కోపంగా కూడా అనలేదు. లోపలికెళ్ళిపోయింది. నేను వదినకి సరేననలేదు, వద్దనీ అనలేదు. నా మనసంతా అబ్బాయివాళ్ళు ఏం దాస్తున్నారో కనుక్కోవడం మీదే ఉంది.

మా వైపు సంబంధం అనుకోగానే జాతకాలకంటే ముందు ఎంక్వయిరీ జరుగుతుంది. దీనికి మాత్రం ఇంగ్లీషు మాట తప్ప వేరే మాట వాడరు. "ఆరా తీశాం" అంటే దొంగతనంగా ఉంటుంది, "ఎంక్వయిరీ చేయించాం" అంటే మర్యాదగా ఉంటుంది. అందరూ చేయిస్తారు, అందరికీ తెలుసు, ఎవరూ తప్పుపట్టరు. పాలు పోసేవాణ్ణి, ఇస్త్రీ బండివాణ్ణి, టిఫిన్ హోటలాయన్ని అడుగుతారు. మందుల షాపువాణ్ణి తప్పకుండా అడుగుతారు. మనిషి ఊరికి ఏం చెప్పుకున్నా మందుల షాపుకి అబద్ధం చెప్పలేడు.

మామూలుగా మగవాళ్ళు వెళతారు. మావారిని పంపితే కాఫీ తాగి, వాళ్ళ తోట బాగుందని మెచ్చుకుని వచ్చేస్తారు. అందుకని నేనే బయల్దేరాను. రావులపాలెం మార్కెట్లో చక్రకేళీ గెలలు బేరం చేస్తున్నదానిలా కాసేపు తిరిగాను. ఆ అరటి రైతు మంచివాడేనని, సరుకు తూకంలో మోసం చెయ్యడని ఇద్దరు ముగ్గురు చెప్పారు. అది నాకు అక్కర్లేదు. గెలలు బాగా అమ్మేవాడు కోడల్ని బాగా చూసుకుంటాడని ఏముంది? అక్కడ్నుంచి ఆటో ఎక్కి వాళ్ళ ఊళ్ళో దిగి, మందుల షాపు ముందు నిలబడి తలనొప్పి మాత్ర అడిగాను.

షాపాయన మాత్ర ఇచ్చి, మంచినీళ్ళ గ్లాసు కూడా ఇచ్చాడు. "కూర్చోండి. సంబంధం పనిమీదేనా అండి?" అన్నాడు.

"సంబంధమేంటండి?" అన్నాను, గ్లాసు ఎత్తి పట్టుకుని.

"ఏం లేదండి. తలనొప్పి కోసం ఆటో కట్టించుకుని ఇక్కడిదాకా ఎవరొస్తారండి. అబ్బాయి బంగారమండి. ఉద్యోగం నిజమేనండి, పగలంతా ఆ కంప్యూటర్ ముందే ఉంటాడు. వాళ్ళమ్మగారు మాట తక్కువ, అంతేనండి."

"అబ్బాయికి ఒక అక్క ఉందన్నారు. పెళ్ళయిందట కదా."

"ఆయ్. ఇక్కడే ఉంటున్నారండి. రెస్ట్‌కి వచ్చారు."

"ఎన్నాళ్ళయింది?"

"అబ్బే, అదంతా మనకెలా తెలుస్తుందండి" అని వెనక్కి తిరిగి అట్టలు సర్దడం మొదలుపెట్టాడు.

నాకు దొరకాల్సింది దొరికింది. రెస్ట్. పురిటికొస్తే పురిటికొచ్చిందంటారు, ఒంట్లో బాగాలేకపోతే బాగాలేదంటారు. రెస్ట్ అంటే చెప్పడానికి వీల్లేనిదేదో ఉంది. కూతురు కాపురం చెయ్యకుండా ఇంటికొచ్చేసిందంటే తల్లి పెంపకం ఎలాంటిదో? లేకపోతే ఆ తల్లే కూతురి కాపురంలో వేలుపెట్టి చెడగొట్టిందేమో? అలాంటావిడ రేపు నా కూతుర్ని బతకనిస్తుందా? జొన్నాడ బ్రిడ్జి వచ్చేసరికి ఆవిడ గయ్యాళి అని ఖాయం చేసేశాను. ఆవిణ్ణి నేను ఇంకా చూడనేలేదు.

బ్రిడ్జి దాటాక ఇంకో ఆలోచన వచ్చింది. నేను వాళ్ళ ఊరి మందుల షాపుకి వెళ్ళానంటే, వాళ్ళు మా ఊరి మందుల షాపుకి రాకుండా ఉంటారా? మాత్రలు ఇక్కడ కొనడం లేదు కాబట్టి ఫర్వాలేదు. కానీ ఆ పెళ్ళిలో పట్టుచీరలు? వాటిల్లో ఒక్కటైనా రావులపాలెం వైపుది కాదని ఎలా చెప్పగలను? ఇంటికొచ్చి మావారితో ఈ భయం చెప్పాను. "చెప్పేస్తే ఏ భయం ఉండదు కదా" అన్నారు. చెప్పేస్తే పెళ్ళే ఉండదని నేను అరిచాను. ఆయన మొక్కలకి నీళ్ళు పెట్టడానికి వెళ్ళిపోయారు.

పెళ్ళిచూపులకి తల్లీ తండ్రీ అబ్బాయీ వచ్చారు. ఇటు నుంచి మేమూ మా వదినా, వరండాలోనే కుర్చీలేసుకుని కూర్చున్నాం. అబ్బాయి అక్క రాలేదు.

వచ్చినావిడ సన్నగా, ముదురాకుపచ్చ చీరలో, చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. గయ్యాళిలా లేదు. ఉంటే బాగుండేది, నా లెక్క సరిపోయేది. నన్ను "మేడమ్" అని పిలిచింది. సంబంధానికి వచ్చినవాళ్ళు వదినగారూ అంటారు, కనీసం అమ్మా అంటారు. మేడమ్ ఏంటి? మొక్క కొనడానికి వచ్చిందా? ఎప్పుడంటే అప్పుడు లేచి వెళ్ళిపోవడానికి వీలుగా అట్టిపెట్టుకున్న మాట అది. అలా అనుకుని నేను కూడా "మేడమ్" అనే పిలిచాను. వదిన నా కాలు తొక్కింది.

"అమ్మాయి రాలేదేంటండి?" అన్నాను.

"రెస్ట్‌లో ఉందండి" అన్నాడు అబ్బాయి తండ్రి. ఆవిడ సంచీ జిప్పు సర్దుకుంది.

"దేనికండీ రెస్ట్?"

"కొంచెం వీక్‌గా ఉంటేనూ. వాళ్ళాయనకి కూడా వర్క్ ప్రెషర్. అందుకని కొన్నాళ్ళు ఇక్కడుంటే కంఫర్ట్‌గా ఉంటుందని."

నాలుగు ఇంగ్లీషు మాటలు. నేను ఇంకా తవ్వబోతుంటే వదిన అందుకుని జంతికల పళ్ళెం ముందుకు జరిపింది. మా అమ్మాయి కాఫీలు తెచ్చి, అందరికీ ఇచ్చి, పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. అబ్బాయి దాని ఉద్యోగం గురించి అడిగాడు. నర్సింగ్ పిల్లలకి ఏం నేర్పుతారని. రోగికి సూది గుచ్చే ముందు నొప్పి ఉండదని అబద్ధం చెప్పకూడదని, కొంచెం నొప్పి ఉంటుందని చెప్పి చెయ్యి పట్టుకోవాలని నేర్పుతానంది. అబ్బాయి నవ్వాడు. నవ్వు బాగుంది. బాగున్న నవ్వులు నేను చాలా చూశాను.

అప్పుడు ఆవిడ అడిగింది. "అమ్మాయికి హెల్త్ పరంగా అంతా ఓకేనే కదండీ?"

 ఎంక్వయిరీ అయిపోయిందన్నమాట, ఎవరో చెప్పేశారన్నమాట, మా నోటితో అబద్ధం చెప్పించడానికి అడుగుతోందన్నమాట. ఆవిడ మొహం చూశాను. అందులో ఏమీ దొరకలేదు.

"పర్‌ఫెక్ట్ అండి" అంది మా వదిన. "అప్పుడప్పుడూ కొంచెం మైగ్రేన్. ఈ రోజుల్లో ఎవరికి లేదు చెప్పండి."

"ఆయ్, నిజమేనండి" అన్నాడాయన.

మా అమ్మాయి ట్రే కింద పెట్టింది. "మైగ్రేన్ కాదండి. నాకు మూర్ఛ ఉంది. ఫిట్స్" అంది. క్లాసులో చెబుతున్నట్టే, తొందరపడకుండా. "మాత్రలు వేసుకుంటాను. వేసుకుంటే రావు. ఎప్పుడూ వేసుకుంటూనే ఉండాలి. మీ ఇంట్లో దాచుకుని వేసుకోవడం నావల్ల కాదండి. దాచుకుంటే ఏదో ఒకరోజు మానేస్తాను, మానేస్తే పడిపోతాను."

 మా వదిన నన్ను చూసింది, ఇదంతా నేనే నేర్పించినట్టు. నేను మా అమ్మాయిని చూడలేకపోయాను. నాకు పిచ్చి కోపం వచ్చింది. ఎన్నేళ్ళు దాచుకొచ్చాం. మావారు రాజమండ్రిలో ఎన్ని షాపులు తిరిగారు. అదంతా అది కాఫీ ట్రేతో పాటు కిందపెట్టేసింది.

అబ్బాయి తండ్రి కుర్చీలో ముందుకి జరిగాడు. "ఓకే అండి. ఓపెన్‌గా చెప్పారు, గుడ్. మేం ఇంటికెళ్ళి డిస్కస్ చేసుకుని ఇన్‌ఫార్మ్ చేస్తాం."

ఇన్‌ఫార్మ్. ఆ మాటకి అర్థం చెప్పమని నన్నెవరూ అడగక్కర్లేదు. రోజూ ఫోన్లో వినేదే.

అందరూ లేచారు. మా నర్సరీ వాకిట్లోంచి ఎవరినీ వట్టి చేతులతో పంపం, ఒక మొక్కైనా ఇస్తాం. ఆ రోజు నాకు ఇవ్వబుద్ధి కాలేదు. మావారే ఒక సన్నజాజి మొక్క నల్ల కవరుతో సహా తెచ్చి ఆయనకి ఇచ్చారు. ఆయన అది పట్టుకుని కారు దగ్గరికి నడిచాడు. వెనకాలే అబ్బాయి వెళ్ళాడు. ఆవిడ మాత్రం వరండా మెట్ల దగ్గర ఆగిపోయింది. చెప్పుల కోసం వెతుకుతోందనుకున్నాను. చెప్పులు కాళ్ళకే ఉన్నాయి.

"మా అమ్మాయి రెస్ట్‌కి రాలేదండి" అంది, నావైపు చూడకుండా. "అల్లుడు కొట్టేవాడు. రోజూ తాగి కొట్టేవాడు. యానాం పక్కనే ఇల్లు, అక్కడ మందు చవక. సంబంధం మాట్లాడేటప్పుడు అకేషనల్‌గా తీసుకుంటాడని చెప్పారు. ఈ కాలంలో ఎవరు తీసుకోరని మేమూ అనుకున్నాం. అది ఫోన్ చేసినప్పుడల్లా ఎలా ఉన్నావే అంటే, అడ్జస్ట్ అవుతున్నానమ్మా అనేది. నేను మంచిదే కదా అనుకున్నాను. అడ్జస్ట్ అవుతోంది కదా అని అందరికీ చెప్పుకున్నాను. ఒకరోజు చెవిలోంచి రక్తం కారుతూ బస్సు దిగింది. అప్పుడు తెలిసిందండి నాకు ఆ మాట అర్థం."

 నేను ఆవిడ మీద ఆటోలో కట్టిన కథంతా గుర్తొచ్చి సిగ్గేసింది. అంత సిగ్గులోనూ, ఈవిడ ఇదంతా నాకెందుకు చెబుతోంది, సంబంధం వద్దని చెప్పడానికి ముందు ఓదార్పా ఇది, అని లోపల ఒకటి గొణుగుతూనే ఉంది. దాని నోరు నేను ఎప్పుడూ మూయించలేను.

ఆవిడ మెట్లెక్కి వెనక్కి వచ్చింది. వచ్చి, మా అమ్మాయి ఇందాక కూర్చున్న కుర్చీ పక్క కుర్చీలో కూర్చుంది. "అమ్మాయిని ఒకసారి పిలవండి వదినగారూ" అంది.

నేను పిలిచాను. కళ్ళు తుడుచుకుని వచ్చింది. గట్టిగానే చెప్పింది గాని, లోపలికెళ్ళి ఏడ్చినట్టుంది.

"ఆ మాత్ర పేరేంటమ్మా?" అంది ఆవిడ.

నాకు మళ్ళీ అనుమానమే. పేరు తీసుకెళ్ళి వాళ్ళ మందుల షాపాయన్ని అడుగుతుంది, ఆయన దానిమీద ఉన్నవీ లేనివీ చెబుతాడు, దాంతో అయిపోతుంది. వద్దని కళ్ళతో సైగ చేశాను. మా అమ్మాయి నన్ను లెక్కచెయ్యకుండా చెప్పింది. ఆవిడ రెండుసార్లు పైకి అనుకుని, నోరు తిరక్క మళ్ళీ అడిగింది. మళ్ళీ చెప్పింది.

"మా ఇంట్లో ఎవరో ఒకరికి తెలిసి ఉండాలి కదమ్మా. నీకు జ్వరమొచ్చి లేవలేకపోతే ఎవరిస్తారు?" అంది ఆవిడ. "ఒకవేళ పడిపోతే ఏం చెయ్యాలి? చేతిలో ఇనప తాళాలు పెట్టాలా?"

కారు దగ్గర్నుంచి అబ్బాయి వచ్చి మెట్ల మీద నిలబడ్డాడు. "పదమ్మా, నాన్న పిలుస్తున్నారు" అనబోయి, వాళ్ళమ్మ అడిగింది విని ఆగిపోయాడు. "నేను కూడా వింటాను" అని అక్కడే మెట్టు మీద కూర్చున్నాడు.

"తాళాలేం పెట్టక్కర్లేదండి" అంది మా అమ్మాయి.  "నోట్లో కూడా ఏమీ పెట్టకూడదు. గట్టిగా పట్టుకోకూడదు. తలకి దెబ్బ తగలకుండా కింద మెత్తటిది ఏదైనా పెట్టి, పక్కకి తిప్పి పడుకోబెట్టాలి. కాసేపటికి అదే తగ్గిపోతుంది. ఎంతకీ తగ్గకపోతే మాత్రం వెంటనే హాస్పిటల్‌కి తీసుకెళ్ళాలి."

"తగ్గాక?"

"నిద్ర వచ్చేస్తుందండి. చాలాసేపు పడుకుంటాను. లేచేసరికి ఎక్కడున్నానో తెలీదు."

"అప్పుడు చుట్టూ జనం ఉంటే నీకు ఇబ్బందా?"

మా అమ్మాయి తలూపింది. 

"జనాన్ని పంపించేస్తాను" అంది ఆవిడ. "నేనొక్కదాన్నే ఉంటాను, నువ్వు లేచేదాకా. నేను ఉంటే ఫర్వాలేదా?"

నాకు ఏడుపు ఆగలేదు. వదినగారూ అని పిలవాలనుకున్నాను. లోపలికి వెళ్ళి, బట్టల బీరువాలో చీరల వెనక నుంచి మాత్రల అట్ట తీసుకొచ్చి ఆవిడ చేతిలో పెట్టాను.